కార్డు వెనక ఉన్నదే జవాబు

మంగళవారం సాయంత్రం ఆమె ప్రశ్నల పెట్టె తెరవడానికి వెళ్లేసరికి సంఘం హాల్లో ఎవరూ లేరు. శనివారం జనం కుర్చీలు ఎలా వదిలేసి పోయారో అలాగే ఉన్నాయి. వెనక వరుసలో రెండు కుర్చీలు ఎదురెదురుగా తిరిగి ఇంకా వాదించుకుంటున్నట్టున్నాయి.

ఆ వీధుల్లో ఆమెను ప్రశ్నలమ్మ అంటారు. కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె ఉద్యోగం. ఇరవై ఏళ్లుగా ఆ పని చేస్తున్నా దానికి ఎవరూ పేరు పెట్టలేదు. శనివారం క్విజ్‌కి ప్రశ్నలు ఏరిపెట్టే పనికి మాత్రం పేరొచ్చింది, అది కూడా జీతం లేని పనికి. లోకం తీరే అంత.

పద్ధతి చాలా తేలిక. తలుపు పక్కన గోడకి బిగించిన రేకు పెట్టెలో వారమంతా ఎవరైనా కార్డు వేయొచ్చు. ముందు వైపు ప్రశ్న, వెనక వైపు జవాబు, పేరు రాయకూడదు. మంగళవారం ఆమె పెట్టె తెరిచి పనికొచ్చేవి ఏరుతుంది, తక్కువ పడితే తనే రాస్తుంది, అన్నిటి మీదా గుండ్రటి రబ్బరు ముద్ర వేస్తుంది. ముద్ర పడ్డాక తిరుగు లేదు. కార్డు వెనక ఏముంటే అదే జవాబు. దేవుడే దిగొచ్చి కాదన్నా ఆయన టీముకి మార్కు రాదు.

ఆ రోజు పెట్టెలో తొమ్మిది కార్డులున్నాయి. ఆరు మామూలువే. మిగిలిన మూడింటి మీదా ఒకటే దస్తూరి. గీత గీసి దాని మీద నిలబెట్టినట్టు అక్షరాలన్నీ ఒకే ఎత్తున ఉన్నాయి.

మొదటి కార్డు: ఈ హాల్లో కుర్చీలెన్ని? వాటిలో ఒక కాలు పొట్టివి ఎన్ని?

వెనక్కి తిప్పింది. అరవై నాలుగు. ఏడు.

ఆమెకు నవ్వొచ్చింది. పనీపాటా లేని మనిషెవరో అనుకుంది. అనుకుందే గానీ లెక్కపెట్టకుండా ఉండలేకపోయింది. అరవై నాలుగు. తర్వాత ఒక్కో కుర్చీ వీపు మీద చెయ్యి వేసి ఊపి చూసుకుంటూ పోయింది. ఏడు టకటకమన్నాయి. ఏడో కుర్చీ దగ్గర నవ్వు ఆగిపోయింది. ఇవన్నీ తెలియాలంటే ఎవరో ఈ ఖాళీ హాల్లో అరవై నాలుగు కుర్చీల్లోనూ కూర్చుని లేచి ఉండాలి.

పెట్టె మూసి తాళం వేస్తూ రెండో కార్డు చదివింది. ఈ పెట్టె తాళం ఏ చేత్తో తీస్తారు, వేస్తారు? వెనక వైపు ఇలా ఉంది: ఎడమ. కుడి చెయ్యి పెట్టె అడుగున ఆనించి ఉంటుంది.

తాళం ఎడమ చేతిలోనే ఉంది. కుడి అరచేతికి రేకు చల్లగా తగులుతోంది. చెయ్యి తీసేసి వెనక్కి తిరిగి చూసింది. హాల్లో కుర్చీలు తప్ప ఎవరూ లేరు.

మూడో కార్డు బయటికొచ్చి మెట్ల మీద వెలుతురులో చదివింది.

మూడు వారాల కింద శనివారం ఒక జవాబు విని ఎంతమంది నవ్వారు?

నలభై ఒకరు. నవ్వనిది ఒక్కరు.

ఆ కార్డును ముద్ర వేయాల్సిన కట్టలో పెట్టలేదు. మడతపెట్టి చేతిసంచి లోపలి అరలో దాచింది. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ నవ్వని ఒక్కరూ ఎవరో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంటికి పోతూ అక్క వాళ్లింట్లో ఆగింది. బావ సోఫాలో కూర్చుని శనివారానికి జోకులు రాసుకుంటున్నాడు. క్విజ్‌లో మైకు ఆయనదే. ప్రతి వారం మొదలుపెట్టే మాటా ఒకటే: "మా మరదలి కార్డు పదకొండేళ్లలో ఒక్కసారి తప్పలేదు. తప్పేదల్లా మనమే." జనం ప్రతి వారం నవ్వుతారు.

కుర్చీల కార్డు ఆయన చేతిలో పెట్టింది.

"బాగుందే. మొదటి రౌండులో వేసేద్దాం. పొట్టి కాలు కుర్చీలో కూర్చున్నవాళ్లకి ఒక మార్కు ఊరికే ఇద్దాం."

"బావా, ఆ ఎడారి కార్డు గుర్తుందా?"

"ఏది? ఒంటెలకి స్వెట్టర్లా?" ఆయన కళ్లు మెరిశాయి. "నిన్న కూరగాయల షాపులో కూడా ఎవరో అదే చెప్పి నవ్వుతున్నారు."

ప్రపంచంలో అతి పెద్ద ఎడారి ఏది అన్నది ప్రశ్న. కాటాలు బాగుచేసే పెద్దాయన లేచి అంటార్కిటికా అన్నాడు. మంచులో ఎడారేంటి మాస్టారూ, అక్కడ ఒంటెలకి స్వెట్టర్లు ఎవరు కుడతారు, అన్నాడు బావ. హాలు విరగబడి నవ్వింది. కార్డు వెనక సహారా అనే ఉంది.

"ఆ కార్డు తప్పు," అంది ఆమె. "వానా మంచూ పెద్దగా పడని చోటు ఏదైనా ఎడారే, ఇసకే ఉండాలని లేదు. ఆయన చెప్పిందే సరైంది. వేడి ఎడారుల్లో పెద్దది అని రాయాల్సింది, ఆ ముక్క వదిలేశాను."

బావ కలం మూత పెట్టాడు. "ఎప్పుడు తెలిసింది నీకు?"

పెద్దాయన నోట అంటార్కిటికా అన్న మాట వచ్చిన క్షణంలోనే తెలిసింది. బావ తనవైపు తిరిగి కనుబొమ్మలెగరేసి అడిగినప్పుడు, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కార్డు పైకెత్తి చూపించింది. పదకొండేళ్ల పేరు ఆ కార్డు చివర వేలాడుతోంది మరి.

"ఇవాళ ఒకటి తప్పంటే," అన్నాడు బావ మెల్లగా, "రేపు ఎనిమిది టీములూ పాత కార్డులన్నీ తిరగదోడతాయి. అయిపోయినదాన్ని కెలక్కు తల్లీ. ఆయనకి మాత్రం గుర్తుంటుందా ఏం?"

గురువారం మధ్యాహ్నం ఆ పెద్దాయనే కళ్లజోళ్ల షాపుకి వచ్చాడు. కూతురు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. చెయ్యి పట్టుకుని నడిపించాల్సిన మనిషిలా లేడు. నెల కింద ఇనప కాటా ఒకటి భుజాన వేసుకుని ఇదే వీధిలో నడిచిపోవడం ఆమె చూసింది.

కంటి పరీక్ష లోపలి గదిలో అయిపోయింది. ఫ్రేము చూపించడం, కంటిపాపల మధ్య దూరం కొలవడం ఆమె వంతు. ఆయన ముక్కు మీద చిన్న స్కేలు ఆనించి నా నుదురు వైపు చూడండి అంది. ఆయన రెప్ప వేయకుండా చూశాడు.

"అరవై మూడు," అంది ఆమె, చీటీ మీద రాసుకుంటూ.

"అరవై మూడేనా?" అన్నాడు ఆయన. "ఇంకోసారి కొలుస్తారా?"

మళ్లీ కొలిచింది. అరవై మూడే. ఆయన జేబులోంచి కార్డు ఒకటి తీసి ఏదో రాసుకున్నాడు. అక్షరాలన్నీ ఒకే ఎత్తున నిలబడ్డాయి. మంగళవారం పెట్టెలో చూసిన దస్తూరే.

కూతురు కౌంటరు మీదకి వంగి గొంతు తగ్గించింది. "నాన్నకి ఈ మధ్య బుర్ర నిలవట్లేదండీ. మీకు తెలిసే ఉంటుంది, ఆ రోజు హాల్లో చూశారుగా. మంచుని పట్టుకుని ఎడారి అన్నాడు. అప్పుడే నాకు భయమేసింది. తర్వాత చూస్తుంటే అన్నీ అలాగే ఉన్నాయి. మొన్న నా పుట్టినరోజు ఎప్పుడో అడిగితే, చూసి చెప్తానన్నాడు."

"డాక్టరుకి చూపించారా?"

"సోమవారం. ఆదివారం షాపు అద్దెకి తీసుకునేవాళ్లు వస్తున్నారు, తాళం ఇచ్చేస్తున్నాం. ఆ బరువులూ అవీ ఇక ఆయన చేతికి ఇవ్వడం మంచిది కాదు కదండీ."

అప్పుడు చెప్పాల్సింది. మూడు ముక్కల్లో అయిపోయే మాట. ఆమె నోరు తెరిచింది కూడా. ఇంతలో కూతురు, "మీ కార్డు పుణ్యమా అని ముందే తెలిసింది, లేకపోతే ఏ ప్రమాదమో జరిగేది," అంది, కళ్లు తుడుచుకుంటూ. ఆ మాట తర్వాత ఆమె నోరు దానంతటదే మూసుకుపోయింది.

"రేపు అద్దాలు బిగించి నేనే తెచ్చిస్తాను," అని మాత్రం అంది.

పెద్దాయన లేచి నిలబడి ఆమె చేతిలో స్క్రూడ్రైవరు వైపు చూశాడు. "ఎడమ చెయ్యే," అన్నాడు తనలో తాను. కాస్త ఊరట పడినట్టు తల ఊపి కూతురి వెంట వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున్నే ఆమె ఆయన అద్దాలు మిషను మీద పెట్టింది. రాయి తిరుగుతూ, నీళ్లు చుక్కచుక్కగా పడుతూ, అద్దం అంచు ఫ్రేము ఆకారంలోకి అరుగుతుంటే చూస్తూ నిలబడింది. ఎక్కువ అరిగితే అద్దం బయటికి జారుతుంది. తక్కువైతే ఫ్రేము పట్టదు. రెండు సార్లు తీసి చూసుకుంది. ఇరవై ఏళ్లలో ఎప్పుడూ రెండో సారి చూసుకోలేదు.

ఆయన షాపు సందు చివర ఉంది. తలుపు తెరిచే ఉంది. లోపల కాటాలు లేవు. తక్కెళ్లు వేలాడే కొక్కేలకి దారాలు కట్టి ఉన్నాయి, ఒక్కో దారానికీ బోలెడు కార్డులు గుచ్చి ఉన్నాయి. తలుపులోంచి గాలి వచ్చినప్పుడు కార్డులన్నీ ఒకేసారి ముందు వైపు నుంచి వెనక వైపుకి తిరిగాయి. ప్రశ్నలన్నీ పోయి జవాబులొచ్చాయి. అంతలోనే మళ్లీ ప్రశ్నలయ్యాయి.

జవాబుల్లో చాలావాటిని అడ్డంగా కొట్టేసి ఉంది.

పెద్దాయన బల్ల దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. "రండమ్మా. నెత్తికి తగులుతాయి, వంగి రండి."

కొత్త కళ్లజోడు పెట్టి చెవుల వెనక సర్దింది. ఆయన తల తిప్పి దారాల వైపు చూసి బాగా కనిపిస్తున్నాయి అన్నాడు. ఆమె దగ్గర్లో ఉన్న కార్డు పట్టుకుని తిప్పింది. సూర్యుడి వెలుగు భూమికి రావడానికి ఎంతసేపు? ఎనిమిది నిమిషాలు అని రాసి, కొట్టేసి ఉంది.

"ఇది సరైందేనండీ. ఎందుకు కొట్టేశారు?"

"సరైందని నేనూ అనుకునేవాణ్ణి." ఆయన బల్ల మీదున్న తూకపు రాయి ఒకటి తీసి తిరగేసి చూపించాడు. అడుగున గుంటలో సీసం పోసి ఉంది. సీసం మీద ప్రభుత్వ ముద్ర ఉంది. "కాటా సరిగ్గా ఉందో లేదో కాటాకి తెలీదమ్మా. ముద్ర ఉన్న రాయి పెట్టి చూడాలి. తేడా వస్తే రాయిని ఎవరూ అనుమానించరు. కాటానే సర్దుతారు. యాభై ఏళ్లు నేను చేసిన పని అదే."

ఆమెకు అర్థమైంది. ముద్ర ఉన్న రాయి తన కార్డు, సర్దుకుంటున్న కాటా ఈయన.

"ఎడారి సంగతి చిన్నప్పుడు మా అన్నయ్య చెప్పాడు. ఆ సాయంత్రమే సూర్యుడి వెలుగు గురించి కూడా చెప్పాడు. అది తప్పయ్యాక ఇది నిలుస్తుందా? అన్నయ్యే తప్పయితే ఆయన చెప్పినవన్నీ చూసుకోవాలి కదా." ఆయన గొంతులో బాధ లేదు. ఎవరిదో కాటా విప్పి భాగాలు వరసగా పెడుతున్నట్టు చెప్పుకుపోతున్నాడు. "అమ్మాయి పుట్టినప్పుడు నేను పని మీద బయట ఊళ్లో ఉన్నాను. బుధవారం పుట్టిందని కబురు తెచ్చింది కూడా ఆయనే."

ఆ కార్డు ఆయన తల పక్కనే వేలాడుతోంది. బుధవారం అన్న మాట కొట్టేసి, కింద 'అడగాలి' అని రాసి ఉంది.

"మరి పెట్టెలో వేసిన కార్డులు?"

"ఇంకొకరు చెప్పినవి కాకుండా నా కళ్లతో నేను చూసినవి. వాటిని మీరు ముద్ర వేసి చదివితే, హాల్లో నలుగురూ సరే అంటే, లెక్కపెట్టడం ఒక్కటైనా మిగిలిందని తెలుస్తుంది. సోమవారం డాక్టరు అడుగుతాడుగా." ఆమె వైపు తిరిగి అడిగాడు. "మీరెందుకు నవ్వలేదమ్మా ఆ రోజు?"

"మీ జవాబే సరైందేమోనని."

"ఏమో అంటే కుదరదమ్మా." ఆయన రాయిని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "ముద్ర మీదేగా?"

అవును, తనదే. ఒక్క కార్డు కోసం నోరు మూసుకుంటే, ఒక మనిషి తన తలలో ఉన్న లోకాన్నంతా పేచీ లేకుండా, నేర్పుగా, ఒక్కో మేకూ ఊడదీసుకుంటున్నాడు. వాళ్లమ్మాయిని ఎప్పుడు కన్నాడో కూడా ఇంకో నెలకి తెలియదు. ఆమెకు ఏడుపొచ్చింది, సిగ్గేసింది. ఏడిస్తే ఆయన ఆ కన్నీళ్లు కూడా ఎన్నో లెక్కపెట్టి రాసుకుంటాడేమోనని భయమూ వేసింది.

"రేపు మైకులో చెప్తాను," అంది. "అందరి ముందూ చెప్తాను. మీరు తప్పకుండా రండి."

శనివారం అయిదున్నరకి హాలు నిండింది. గుమ్మం దగ్గర ట్రేలో అందరి ఫోన్లూ బోర్లా పడుకుని ఉన్నాయి. క్విజ్ అయ్యేదాకా వాటిని ముట్టుకోకూడదు, ఆ నిబంధన పెట్టింది కూడా ఆమే. పెద్దాయన మూడో వరుసలో చివర కూర్చున్నాడు. పాత టీము ఆయన్ని మానిపించింది. పక్కన కూతురు నీళ్ల సీసా పట్టుకుని ఉంది.

బావ మైకు అందుకోబోతుంటే ఆమె ముందే తీసుకుంది. పదకొండేళ్లలో ఆమె మైకు పట్టుకోవడం ఇదే మొదలు.

"మూడు వారాల కింద నేను ముద్ర వేసిన కార్డు ఒకటి తప్పు," అంది. గొంతు స్పీకర్లోంచి వేరే ఎవరిదోలా వినిపించింది. "అతి పెద్ద ఎడారి అంటార్కిటికా. ఈ పెద్దాయన చెప్పిందే సరైన జవాబు. తప్పని నాకు ఆ నిమిషంలోనే తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. మీరు నవ్వాల్సింది నన్ను చూసి, ఆయన్ని చూసి కాదు."

కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసింది. తిడతారు, అరుస్తారు, పాత కార్డులన్నీ తిరగదోడతారు, అని కాళ్లు బిగబట్టి నిలబడింది.

రెండో వరుసలో ఎవరో చప్పట్లు కొట్టారు.

ఆ వెనక ఇంకొకరు. చూస్తుండగానే అరవై నాలుగు కుర్చీల్లోంచీ చప్పట్లు లేచాయి. అందరి మొహాల్లోనూ ఒకటే మెత్తటి నవ్వు. బావ కళ్లు తుడుచుకున్నాడు.

"చూశారా," అన్నాడు మైకులోకి వంగి, "ఒక పెద్దమనిషి మనసు నొచ్చుకోకూడదని తన పేరే పణంగా పెట్టింది మా మరదలు. ఇలాంటి మనసు ఎవరికుంటుందండీ?"

"కాదు బావా. నిజంగానే తప్పు."

"సరేనమ్మా. తప్పే." ఆయన జనం వైపు తిరిగి కన్ను గీటాడు. ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

"జాలితో చెప్పడం లేదు. ఎవరైనా ఫోను తెచ్చి చూడండి, ఒక్క నిమిషం పడుతుంది."

"నిబంధన పెట్టింది నువ్వేగా," అన్నాడు బావ. హాలంతా నవ్వింది. వెక్కిరింపు లేని నవ్వు అది, చిన్నపిల్ల అలిగితే పెద్దవాళ్లు నవ్వే నవ్వు. ఎవరూ లేవలేదు. లేవాలని కూడా ఎవరికీ అనిపించినట్టు లేదు. ఆమె మళ్లీ చెప్పింది. చెప్పినకొద్దీ ఆ మొహాలు ఇంకా మెత్తబడ్డాయి.

మైకు వదిలేసి మూడో వరుస దగ్గరికి నడిచింది. కూతురు లేచి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"మీ రుణం తీర్చుకోలేనండీ. నాన్న కోసం ఇంత మాట అన్నారు."

"మీ నాన్నకి ఏమీ కాలేదు. వినండి. షాపు తాళం ఎవరికీ ఇవ్వకండి."

"ఇచ్చేశాడండీ. ఇవాళ పొద్దున్నే నాన్నే వాళ్లని పిలిచి ఇచ్చేశాడు," అంది కూతురు. ఆమె మొహంలోకి చూసి, "మీరు కాసేపు కూర్చోండి, చెమటలు పడుతున్నాయి," అంటూ తండ్రి కోసం తెచ్చిన నీళ్లు ఆమెకిచ్చింది.

వరుసలో ఉన్నవాళ్లంతా జరిగి చోటిచ్చారు. ఎవరో వీపు మీద చెయ్యి వేశారు. ఆమె పెద్దాయన పక్కన కూర్చుంది. కొత్త కళ్లజోడు వెనక ఆయన కళ్లు పెద్దవిగా, తడిగా ఉన్నాయి.

"అందుకన్నమాట మీరు నవ్వనిది," అన్నాడు. "జాలిపడ్డారు."

"కాదండీ. నాకు తెలుసు కాబట్టి."

"తెలుసా?"

"తెలుసు. గట్టిగా తెలుసు."

ఆయన కూతురికి వినపడకుండా ఆమె వైపు వంగాడు. "ఎన్నాళ్ల నుంచి ఇలా అవుతోందమ్మా మీకు?" అన్నాడు ఎంతో దయగా. "నాక్కూడా మొదట్లో ఇలాగే గట్టిగా తెలిసినట్టుండేది."

బావ మొదటి కార్డు తీశాడు. అది మంగళవారం ఆమె తన చేత్తో రాసిందే. తేనెటీగకి కాళ్లెన్ని, అని చదివాడు. ఎనిమిది టీములూ తలలు వంచి గుసగుసలాడుకున్నాయి. చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతి. ఆమె జవాబు అనుకోబోయి ఆగింది. బావ కార్డు వెనక్కి తిప్పేదాకా చూస్తూ కూర్చుంది.